తుపానులో తెరచాప నౌక

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రపుటొడ్డున ఉన్న చేపల రేవు భావనపాడు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున ‘తిత్లీ’ తుపాను ఈ ఊరికి ఈశాన్యంగా, పలాస సమీపంలో తీరాన్ని దాటింది. 2021 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి ‘గులాబ్’ తుపాను ఈ ఊరికి నైరుతిగా, కళింగపట్నానికి ఉత్తరాన తీరాన్ని దాటింది. మొదటి పేరుకు సీతాకోకచిలుక అని అర్థం, రెండవ పేరుకు గులాబీ అని అర్థం. రెండు పేర్లనూ సూచించిన దేశం పాకిస్తాన్. పేర్ల సంగతి ఎట్లా ఉన్నా, మూడేండ్ల వ్యవధిలో భావనపాడు ఒక తుపానుకు ఎడమ ప్రక్కన, మరొక తుపానుకు కుడి ప్రక్కన ఉండటం తటస్థించింది.

ఈ కుడియెడమల భేదం ఒడ్డున ఇంటిలో ఉన్నవానికి అంతగా పట్టకపోవచ్చును. నడిసముద్రంలో తెరచాపను నమ్ముకొని దూరప్రయాణం చేసే నావికునికి మాత్రం ప్రాణం నిలిచేదీ పోయేదీ చాలవరకు దానిమీదనే ఆధారపడి ఉంటుంది. అతడు తుపానుకు ఏ ప్రక్కన ఉన్నాడో ఎట్లా తెలుసుకుంటాడు? తెలిసిన తరువాత ఏమి చేస్తాడు? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకిన శాస్త్రం చాలవరకు బంగాళాఖాతంలోనే పుట్టింది.

సుడి తిరిగే గాలి

గాలి అధిక పీడనం ఉన్న చోటినుండి అల్ప పీడనం ఉన్న చోటికి ప్రవహిస్తుంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ ఉండటంవల్ల ఈ ప్రవాహం తిన్నగా సాగదు. ఉత్తరార్ధగోళంలో అది తన కుడివైపుకు ఒరుగుతుంది. నలుదిక్కులనుండి కేంద్రంవైపు పరుగెత్తే గాలులన్నీ ఈ విధంగా ప్రక్కకు ఒరగటంవల్ల, కేంద్రం చుట్టూ గడియారపు ముళ్ళకు వ్యతిరేకదిశలో సుడి ఏర్పడుతుంది. దక్షిణార్ధగోళంలో సుడి గడియారపు ముళ్ళ దిశలోనే తిరుగుతుంది.

ఈ సుడి ఒకచోట నిలిచి ఉండదు. తిరుగుతున్న బొంగరం నేలమీద జరిగినట్లు, తుపాను మొత్తంగా జరుగుతూ ఉంటుంది. బంగాళాఖాతంలో సాధారణంగా అది గంటకు 10 నుండి 20 కిలోమీటర్ల వేగంతో పడమటికో, వాయవ్యానికో, ఉత్తరానికో కదులుతుంది. గాలి తిరిగే వేగం వేరు, తుపాను జరిగే వేగం వేరు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో తిరిగే గాలి ఉన్న తుపానైనా తీరంవైపు మనిషి సైకిలు తొక్కినంత వేగంతోనే రావచ్చును.

ఇక గాలి బలం మాట. గాలి ఒక వస్తువుమీద చూపే ఒత్తిడి దాని వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు అవుతుంది. తిత్లీ తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వరకు ఉన్నది. గంటకు 50 కిలోమీటర్ల గాలికి నిలిచిన తెరచాప ఆ గాలిలో తొమ్మిదింతల బరువు మోయవలసి వస్తుంది. ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలు ఆనాడు నేలకూలటానికి కారణం ఈ లెక్కలోనే ఉన్నది.

బంగాళాఖాతం నేర్పిన పాఠం

తుపాను అనేది సుడి అని నావికులు చాలాకాలం ఎరుగరు. అమెరికాలో 1821లో వచ్చిన ఒక తుపాను తరువాత, రెడ్‌ఫీల్డు అనే ఆయన కూలిన చెట్లు ఒక ప్రాంతంలో ఒక దిక్కుకు, మరొక ప్రాంతంలో దానికి ఎదురు దిక్కుకు పడి ఉండటం గమనించాడు. గాలి చక్రాకారంగా తిరిగితేనే అట్లా పడతాయని ఊహించి 1831లో ఆ సంగతిని ప్రకటించాడు.

ఈ విషయాన్ని మన సముద్రంలో పరిశోధించినవాడు హెన్రీ పిడింగ్టన్. ఒకప్పుడు ఓడ నడిపిన ఈయన తరువాత కలకత్తాలో స్థిరపడి, బంగాళాఖాతంలో తుపానులకు చిక్కిన ఓడల దినచర్య పుస్తకాలను సేకరించాడు. ఏ ఓడ ఏ గంటకు ఎక్కడ ఉన్నది, గాలి ఏ దిక్కునుండి వీచింది, భారమితిలో పాదరసం ఎంత పడిపోయింది అన్న వివరాలను పటంమీద గుర్తించి తుపానుల దారులను గీశాడు. గోదావరి ముఖద్వారంలో ఓడల నిర్మాణానికి పేరుపొందిన కోరంగి రేవును 1789 డిసెంబరులో ముంచిన ఉప్పెనను గూర్చికూడా ఆయన వ్రాశాడు. ఒకదాని వెనుక ఒకటిగా వచ్చిన మూడు పెద్ద అలలు ఆ రేవును నాశనం చేశాయి. 1839 నవంబరులో కోరంగి మరల తుపాను పాలయింది.

1848లో పిడింగ్టన్ నావికులకోసం ఒక చేతిపుస్తకం ప్రచురించాడు. నేడు లోకమంతటా వాడుకలో ఉన్న ‘సైక్లోన్’ అనే పేరు మొదట అందులోనే కనిపించింది. పాము చుట్టను స్ఫురింపజేసే గ్రీకు మాటనుండి ఆయన దానిని తయారుచేశాడు. ఆ పుస్తకంతోపాటు కొమ్ముతో చేసిన పారదర్శకమైన రెండు పలకలుకూడా ఉండేవి. ఒకటి ఉత్తరార్ధగోళానికి, మరొకటి దక్షిణార్ధగోళానికి. వాటిమీద గాలి తిరిగే తీరు బాణపు గుర్తులతో చెక్కబడి ఉండేది. నావికుడు పటంమీద తన ఓడ ఉన్న చోట, తనకు వీస్తున్న గాలికి సరిపోయే బాణపు గుర్తు వచ్చేటట్లు పలకను ఉంచితే, తుపాను కేంద్రం ఏ దిక్కున ఉన్నదో కంటికి కనిపించేది.

ఈ జ్ఞానం లేకపోతే ఏమవుతుందో ‘చార్లెస్ హెడిల్’ అనే ఓడ కథవల్ల తెలుస్తుంది. 1845 ఫిబ్రవరిలో మారిషస్ దగ్గర ఈ ఓడ తుపానులో చిక్కుకున్నది. ఓడ అధిపతి, ఆ కాలపు ఆచారం ప్రకారం, గాలిని వెనుకకు పెట్టుకొని గాలివాటున పరుగెత్తాడు. గాలివాటున పోతే తుపానునుండి దూరంగా పోతామని అనుకోవటం సహజమే. కాని గాలి చక్రంలా తిరుగుతున్నది గనుక ఓడకూడా చక్రంలా తిరిగింది. దాదాపు ఐదు రోజులపాటు అది తుపాను కేంద్రం చుట్టూ ఐదు సార్లు ప్రదక్షిణం చేసింది. పదమూడు వందల మైళ్ళకు పైగా పరుగెత్తి, చివరకు బయలుదేరిన చోటికి మూడున్నర వందల మైళ్ళ దూరంలో తేలింది. తుపాను సుడి అని పిడింగ్టన్ చూపిన నిదర్శనాలలో ఈ ఓడ దినచర్య ముఖ్యమైనది.

కుడి ప్రక్క, ఎడమ ప్రక్క

తుపాను పోయే దిక్కుకు ముఖం పెట్టి నిలుచున్నట్లు ఊహించినట్లయితే, తుపాను రెండు సగాలుగా కనిపిస్తుంది. ఉత్తరార్ధగోళంలో కుడి సగాన్ని నావికులు అపాయకరమైన సగమనీ, ఎడమ సగాన్ని ఓడ నడపటానికి వీలైన సగమనీ అంటారు. దీనికి మూడు కారణాలున్నాయి.

మొదటిది గాలి వేగం. కుడి సగంలో గాలి తిరిగే దిశా, తుపాను జరిగే దిశా ఒకటే. ఎడమ సగంలో అవి ఒకదానికొకటి ఎదురు. గాలి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తిరుగుతూ, తుపాను 20 కిలోమీటర్ల వేగంతో జరుగుతున్నదనుకుంటే, స్థూలంగా కుడివైపు గాలి వేగం 120, ఎడమవైపు 80 అవుతుంది. పైన చెప్పిన వర్గసూత్రం ప్రకారం చూస్తే కుడివైపు ఒత్తిడి ఎడమవైపు ఒత్తిడికి రెండింతలకు మించి ఉంటుంది.

రెండవది గాలి నెట్టే దిక్కు. కుడి సగం ముందుభాగంలో చిక్కిన ఓడను గాలి తుపాను రాబోయే దారిలోనికే నెడుతుంది. ఎడమ సగంలో ఉన్న ఓడను కేంద్రానికి వెనుకప్రక్కకు నెడుతుంది.

మూడవది తుపాను మలుపు. బంగాళాఖాతపు తుపానులు చాలాసార్లు మొదట వాయవ్యంగా పోయి, తరువాత ఉత్తరానికి, ఈశాన్యానికి మళ్ళుతాయి. అంటే కుడివైపుకే తిరుగుతాయి. కుడి సగంలో ఉన్నవాడు తప్పించుకున్నాననుకున్న తరువాతకూడా కేంద్రం అతనిమీదికి రావచ్చును.

గాలి దిక్కు చెప్పే కబురు

కేంద్రం కంటికి కనిపించదు. దానిని కనిపెట్టే సూత్రాన్ని డచ్చి శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ 1857లో ప్రకటించాడు. ఉత్తరార్ధగోళంలో గాలికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడి, కుడిచేతిని ప్రక్కకు చాచి కొంచెం వెనుకకు జరిపితే, ఆ చేయి చూపే దిక్కున కేంద్రం ఉంటుంది.

కేంద్రం ఉన్న దిక్కు తెలిసినంత మాత్రాన చాలదు. అది ఎటు జరుగుతున్నదో తెలియాలి. దానికి గాలి దిక్కు మారే తీరును గమనించాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు పడవను వీలైనంతవరకు నిలిపి ఉంచటం అవసరం. పడవకూడా వేగంగా కదులుతూ ఉంటే మార్పు తుపానువల్ల వచ్చిందో పడవ కదలికవల్ల వచ్చిందో చెప్పలేము.

గాలి దిక్కు గడియారపు ముళ్ళవలె సవ్యదిశలో మారుతుంటే, అనగా తూర్పునుండి ఆగ్నేయానికి, ఆగ్నేయంనుండి దక్షిణానికి మారుతుంటే, పడవ కుడి సగంలో ఉన్నది. అపసవ్యంగా, ఉత్తరంనుండి వాయవ్యానికి, వాయవ్యంనుండి పడమటికి మారుతుంటే ఎడమ సగంలో ఉన్నది. గాలి దిక్కు మారకుండా, బలం మాత్రం పెరుగుతూ, భారమితి పడిపోతూ ఉంటే పడవ సరిగా తుపాను దారిలోనే ఉన్నది.

దీనిని భావనపాడుకు అన్వయించి చూడవచ్చును. తిత్లీ కేంద్రం ఊరికి ఈశాన్యంగా పోయింది. అప్పుడు సూత్రం ప్రకారం అక్కడి గాలి ఉత్తర వాయవ్య దిక్కులనుండి, అనగా నేలవైపునుండి మొదలై పడమటికి తిరగాలి. గులాబ్ కేంద్రం నైరుతిగా పోయింది. అప్పుడు గాలి తూర్పు ఆగ్నేయ దిక్కులనుండి, అనగా సముద్రంవైపునుండి మొదలై దక్షిణానికి తిరగాలి. ఊరు ఒకటే, సముద్రం ఒకటే అయినా, ఒకసారి గాలి నీటిని ఒడ్డునుండి బయటకు నెడుతుంది, మరొకసారి ఒడ్డుమీదికి తోస్తుంది.

ముందుగా కనిపించే గుర్తులు

గాలి బలపడకముందే సముద్రం కబురు చెబుతుంది. తుపానులో పుట్టిన పొడవైన అలలు దానికన్న వేగంగా పయనిస్తాయి. ఒక అల తరువాత మరొక అల రావటానికి 12 సెకండ్లు పట్టే ఉబ్బుటలల గుంపు లోతైన నీటిలో గంటకు సుమారు 34 కిలోమీటర్లు పోతుంది. తుపాను గంటకు 15 కిలోమీటర్లే జరుగుతున్నదనుకుంటే, ఒక దినంలో అలలు 800 కిలోమీటర్లు, తుపాను 360 కిలోమీటర్లు పోతాయి. గాలి లేని వేళ ఒక దిక్కునుండి నిదానమైన పెద్ద అలలు రావటం మొదలుపెడితే, ఆ దిక్కున ఎక్కడో తుపాను ఉన్నదని అనుమానించాలి.

రెండవ గుర్తు భారమితి. ఉష్ణమండల సముద్రాలలో వాయుపీడనం ప్రతిదినం రెండుసార్లు హెచ్చి రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం, రాత్రి పది గంటల ప్రాంతంలో ఎక్కువగాను, తెల్లవారుజామున, సాయంకాలం నాలుగు గంటల ప్రాంతంలో తక్కువగాను ఉంటుంది. ఈ సహజమైన తేడాను తీసివేసిన తరువాతకూడా పీడనం ఆ ఋతువులో ఉండవలసినదానికన్న 3 మిల్లీబార్లు తగ్గితే అనుమానించాలి. 5 మిల్లీబార్లు తగ్గితే తుపాను సమీపంలో ఉన్నదని నిశ్చయించుకొని వెంటనే జాగ్రత్తపడాలి.

నావికుడు చేయవలసిన పని

ఉత్తరార్ధగోళంలో తెరచాప ఓడకు సూత్రాలు మూడు. కుడి సగంలో ఉంటే, గాలి పడవ ముందుభాగానికి కుడివైపునుండి తగిలేటట్లు పెట్టుకొని నిలదొక్కుకోవాలి. అప్పుడు గాలి సవ్యదిశలో మారినకొద్దీ అది పడవకు వెనుకవైపుకు జరుగుతుంది. ఎడమవైపునుండి తగిలేటట్లు పెట్టుకుంటే, గాలి మారి సూటిగా ఎదురై, తెరచాపను వెనుకకు కొట్టి కొయ్యను విరిచే అపాయం ఉంటుంది. ఎడమ సగంలో ఉంటే, గాలి పడవ వెనుకభాగానికి కుడివైపునుండి తగిలేటట్లు పెట్టుకొని పరుగెత్తాలి. సరిగా తుపాను దారిలో ఉంటేకూడా ఇట్లాగే పరుగెత్తి ఎడమ సగంలోనికి దాటాలి. గాలిని సూటిగా వెనుకకు పెట్టుకొని పోకూడదు. అట్లా పోతే చార్లెస్ హెడిల్ చేసిన ప్రదక్షిణమే మిగులుతుంది.

నిలదొక్కుకోవటానికి ముందు తెరచాపను మడిచి కట్టి కురచచేయాలి. ఈ పనిని ‘అవసరమేమో’ అని తోచిన క్షణంలోనే చేయాలి. గాలి ముదిరిన తరువాత తడిసిన చాపను మడవటం అసాధ్యమవుతుంది. పిమ్మట ముందరి చిన్న తెరచాపను గాలి వచ్చే ప్రక్కకు లాగి కడతారు. అది పడవ ముఖాన్ని గాలికి దూరంగా నెడుతుంది. కురచచేసిన పెద్ద తెరచాపా, గాలివైపుకు త్రిప్పి కట్టిన చుక్కానీ ముఖాన్ని గాలివైపుకు త్రిప్పుతాయి. ఈ రెండు బలాలూ సరితూగినప్పుడు పడవ అలలకు ఏటవాలుగా ముఖం పెట్టి, గంటకు ఒకటి రెండు నాట్ల వేగంతో మెల్లగా ప్రక్కకు జారుతూ ఉంటుంది. అది జారిన చోట నీరు కొంత నునుపై, రాబోయే అలల పొగరును తగ్గిస్తుంది. అలసిన నావికులకు విశ్రాంతికూడా చిక్కుతుంది.

పరుగెత్తే పడవకు వేరొక చిక్కు ఉన్నది. అది అల వాలుమీద జారి వేగం మించితే చుక్కాని మాట వినదు. పడవ అడ్డం తిరిగితే వెనుక వచ్చే అల దానిని బోర్లదోస్తుంది. అందుకని వెనుకనుండి పొడవైన లావు త్రాళ్ళనో, గరాటువంటి గుడ్డ సంచులనో నీటిలో ఈడ్చి వేగం తగ్గిస్తారు. ఎక్కడైనా అపాయమంతా పడవ ప్రక్కకు తగిలే విరిగే అలలోనే ఉన్నది. పడవ పొడవులో మూడవ వంతు ఎత్తున విరిగే అల ప్రక్కనుండి తగిలితే పడవ తలక్రిందులు కావచ్చును.

పడవను ఎప్పుడు విడువాలి? మునుగుతున్నప్పుడు మాత్రమే అన్నది అనుభవం నేర్పిన మాట. 1979 ఆగస్టులో ఇంగ్లండు, ఐర్లండుల మధ్య జరిగిన ఫాస్ట్‌నెట్ పందెంలో 303 పడవలు పాల్గొన్నాయి. ఒక్క గాలివానలో 15 మంది పోటీదారులు మరణించారు. నావికులు 24 పడవలను విడిచిపెట్టారు. వాటిలో మునిగినవి ఐదు మాత్రమే. తక్కినవి తరువాత తేలుతూ దొరికాయి. 2018 సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో భారత నౌకాదళానికి చెందిన అభిలాష్ టామీ పడవ తుపానుకు తలక్రిందులై కొయ్యలు కోల్పోయింది. వెన్ను గాయంతో కదలలేని స్థితిలోకూడా ఆయన పడవలోనే ఉన్నాడు. మూడు రోజుల తరువాత ఒక ఫ్రెంచి ఓడ వచ్చి రక్షించింది.

భూమిని చుట్టివచ్చిన తెలుగు వనితలు

ఈ విద్యను ఇటీవల చేసి చూపినవారిలో తెలుగువారుకూడా ఉన్నారు. 56 అడుగుల తెరచాప నౌక ‘తారిణి’లో భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు వనితలు 2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరారు. లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషీ నాయకురాలు. విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఆ బృందంలోనివారు. ఆస్ట్రేలియా, న్యూజీలాండు, ఫాక్‌లాండు దీవులు, దక్షిణాఫ్రికాల మీదుగా సుమారు 21,600 నాటికల్ మైళ్ళు ప్రయాణించి, 254 దినాల తరువాత 2018 మే 21న గోవా చేరారు.

జనవరిలో వారు చుట్టిన కేప్ హార్న్ పెనుగాలులకు పేరుపడినది. దక్షిణార్ధగోళంలో సుడి సవ్యంగా తిరుగుతుంది గనుక పైన చెప్పిన సూత్రాలలో కుడియెడమలను తారుమారు చేసుకోవాలి. నేటి నావికునికి ఉపగ్రహాలద్వారా వాతావరణ సూచనలు అందుతాయి. కాని సూచన అందిన తరువాత చలిలో, చీకటిలో తెరచాప మడిచేది మనిషి చేతులే. తిరుగు ప్రయాణంలో చుక్కాని యంత్రాంగం చెడినప్పుడు వారు మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగి, బాగుచేయించుకొని మరీ ముందుకు సాగారు.

ఒడ్డు ఎప్పుడు శరణ్యం?

గాలివాన వస్తుందంటే ఎవరికైనా ఒడ్డు చేరాలనే తోస్తుంది. పై కప్పు, బరువైన అడుగుభాగం ఉన్న దూరప్రయాణపు నౌకకు ఇది ఎల్లప్పుడూ మంచిది కాదు. నిలదొక్కుకున్న నౌక గంటకు రెండు నాట్ల వేగంతో జారుతుంటే, పన్నెండు గంటలలో సుమారు 45 కిలోమీటర్లు కొట్టుకొనిపోతుంది. ఆ దిక్కున ఒడ్డు ఉంటే, లోతు తగ్గినకొద్దీ అలలు నిలువుగా లేచి విరుగుతాయి. అటువంటి నౌకకు నడిసముద్రమే మేలు.

భావనపాడునుండి వేటకు పోయే పడవలకు ఈ మాట వర్తించదు. కప్పులేని చిన్న పడవ తుపానులో ఏ ప్రక్కన ఉన్నా నిలువలేదు. దానికి రక్ష కాలమొక్కటే. గంటకు 12 కిలోమీటర్లు పోగల పడవ 60 కిలోమీటర్ల దూరంనుండి ఐదు గంటలలో ఒడ్డు చేరుతుంది. ఎదురుగాలివల్ల వేగం సగమైతే పది గంటలు పడుతుంది. తిత్లీ వంటి తుపానులో ఊరు ఎడమ ప్రక్కన ఉంటుంది గనుక గాలి నేలనుండి వీస్తుంది. ఒడ్డు దగ్గర నీరు అంత భయంకరంగా కనిపించకపోవచ్చును గాని, ఆలస్యం చేసిన పడవను ఆ గాలి సముద్రంలోనికే తోసుకొనిపోతుంది. గులాబ్ వంటి తుపానులో గాలి పడవను ఒడ్డువైపుకే నెడుతుంది గాని, రేవు ముఖంలో విరిగే అలలు దానిని ఒడ్డు చేరనీయవు. రెండు ప్రక్కలకూ జవాబు ఒకటే. గాలి మొదలుకాకముందే ఒడ్డుమీద ఉండాలి.

అందుకు సాధనాలు నేడు ఉన్నాయి. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. విశాఖపట్నంలో తుపాను హెచ్చరిక కేంద్రం 1974లో వెలిసింది. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ద్వారా వచ్చే హెచ్చరికలను, సెల్‌ఫోను సంకేతం అందని దూరంలోకూడా అందుకోగల ‘జెమిని’ అనే చిన్న పరికరం 2019లో వచ్చింది.

పెద్ద రేవులలో ఎగురవేసే హెచ్చరిక సూచికలు 1 నుండి 11 వరకు ఉన్నాయి. అంకె పెరిగినకొద్దీ అపాయం పెరుగుతుందని మాత్రమే చాలామంది అనుకుంటారు. కాని 5వ సూచికకూ 6వ సూచికకూ ఉన్న భేదం అపాయంలో కాదు, ప్రక్కలో ఉన్నది. తుపాను తన దారికి రేవును ఎడమవైపున ఉంచి పోతుందనుకుంటే 5, కుడివైపున ఉంచి పోతుందనుకుంటే 6, రేవుమీదుగానో చాలా సమీపంగానో పోతుందనుకుంటే 7 ఎగురవేస్తారు. మహాపాయ సూచికలైన 8, 9, 10 అంకెలకుకూడా ఇదే వరుస. పిడింగ్టన్ కొమ్ము పలకమీద వెదకిన ప్రశ్నకు రేవు స్తంభంమీద ఆ అంకెలే జవాబు చెబుతున్నాయి. వాటిని చదవగల నావికునికి తుపాను ఎంత పెద్దదో తెలియటంతోపాటు, తన ఊరిమీదికి గాలి నేలనుండి వస్తుందో సముద్రంనుండి వస్తుందోకూడా ఒక రోజు ముందే తెలుస్తుంది.